అడ్డురాయి

మే నెల రెండో వారం.
ముక్తేశ్వరం రేవులో గోదావరి
ఒక పక్కకి ఒత్తిగిలి పడుకుంది.
మిగిలిన మంచమంతా ఇసుక.

ఏసుపాదం జీపు దిగి
వాల్వులో అగ్గిపుల్ల గుచ్చి
నాలుగు టైర్లలోనూ సగం గాలి తీసేశాడు.
"నిండు టైరుకి పొగరెక్కువ సిస్టరుగారూ,
దిగబడిపోద్ది.
సగం చచ్చిందే ఇసకమీద నడుస్తాది."
నా ఒళ్ళో టీకాల డబ్బా,
డబ్బాలో కరగడం మొదలెట్టిన ఐసు,
నడుమ లంకలో పదకొండుమంది పసివాళ్ళు.

తొమ్మిదేళ్ళు ఒమాన్‌లో తోలాడు.
తెల్లదొరల్ని ఎక్కించుకుని
పచ్చటాకు మొలవని కొండలమీదికి,
మేకలు కూడా ఆలోచించుకుని నడిచే దారుల్లో.
ఒక పక్క గోడ. ఒక పక్క ఏమీ లేదు.
"ఆ ఏమీ లేనిదాన్ని చూడకూడదండి.
చూస్తే స్టీరింగు అటే లాగుద్ది."
ఇప్పుడు గౌతమి నడిబొడ్డున,
అరచెయ్యంత చదునైన చోట కూడా
కుడిపక్కకి చూడకుండానే తోలుతున్నాడు.

సీటు కింద ఒక రాయి ఉంది.
అక్కణ్ణుంచి తెచ్చుకున్నదే.
ఎయిర్‌పోర్టులో బంగారమేమోనని గీకి చూశారట.
దాని ఒంటినిండా గవ్వల అచ్చులు,
కొండ కొసన దొరికిందట,
సముద్రం ఎప్పుడో దిగిపోతూ మర్చిపోయినది.

మా సీమలో రాయంటే
లారీమీద రావాలి,
పునాదికైనా, రైలుకట్టకైనా,
పచ్చడి నూరే రోలుకైనా.
ఎంత లోతు తవ్వినా పారకి ఖంగుమని తగలదు.
కుక్కని అదిలించాలన్నా
మట్టిబెడ్డే గతి.
అందుకేనేమో, ఆపిన ప్రతిచోటా
వెనక చక్రానికి ఆ రాయి అడ్డం పెడతాడు,
వాలే లేని ఊళ్ళో కూడా.

లంక ఇంకా రాలేదు.
పైన పొడి, కింద ఊట.
ముందు చక్రాలు దాటాయి,
వెనకవి కూర్చున్నాయి.
ఇంజను అరిచేకొద్దీ లోపలికే.
ఆపేశాడు. దిగాడు.
మోకాళ్ళమీద కూర్చుని
రెండు చేతులతో తవ్వుకుపోయాడు.
అక్కడైతే తివాచీలు పరిచేవారట.
ఇక్కడ పుచ్చపాదుల్లోంచి పల్లాలమ్మ వచ్చింది,
తన పాక కప్పు మీది తాటాకులు పీక్కుని,
నాలుగు తిట్లు కలుపుకుని.
"గోదార్లో కారేటయ్యా మీకు,
పోయేకాలం కాకపోతే!"

ఆకులు చాల్లేదు.
అప్పుడు సీటు కిందికి చెయ్యి పోనిచ్చి
రాయి తీశాడు.
కూరగాయ తూచినట్టు ఒకసారి చేతిలో ఎగరేసి
చక్రం కింద పెట్టాడు.

ఒక్క ఊపుతో జీపు పైకొచ్చింది.
ఆ ఊపుకే రాయి కిందికెళ్ళింది.
గుంట తనంతట తనే పూడుకుంది.

పల్లాలమ్మ మోచేతిదాకా పెట్టి దేవింది.
"వదిలెయ్యమ్మా.
ఈ ఇసకంతా ఏటనుకున్నావు? కొండలే.
నడుచుకుంటా వచ్చిన కొండలు."
మాట బాగానే అన్నాడు.
లంక చేరేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

ఐసు గోళీకాయంత మిగిలింది.
పదకొండుమందీ ఏడ్చారు,
ఒకడు మాత్రం ముందే, సూది చూడకుండానే.
సాయంత్రం సైకిలుషాపులో గాలి కొట్టించుకుని
టైర్లకి మళ్ళీ పొగరొచ్చింది.

ఆషాఢంలో ఎర్రనీరు దిగింది.
జీపుని పంటుమీదికి ఎక్కించి దాటుతున్నాం,
ఇంజను ఆపేసే ఉంది.
వెనక చక్రానికి పంటువాడిచ్చిన చెక్కముక్క.
ఒక అరటిబోదె, ఒక చెప్పు, నురగ
మాకు అడ్డంగా పోతున్నాయి.
పాదులెక్కడ, పాకెక్కడ,
ఆ ఊట ఎక్కడ,
నాకైతే ఆనవాలు లేదు.

నడిగోదారిలో ఒకచోట
ఏసుపాదం ఎడమకాలు
మెల్లగా క్లచ్చి తొక్కింది.
చెయ్యి గేరుమీదికి పోయి
రెండులో వేసింది.

కుడిపక్కకి చూడలేదు.